ఔటింగా, హడిలా, సర్వేనా? హాస్పిటల్లో టీం కోసం డబ్బు ఎక్కడ పెట్టాలి

హొసూరు రోడ్డు పక్కన 60 పడకల హాస్పిటల్ నడిపే పెద్దాయన ఒకరు పోయిన నెల ఫోన్ చేశారు. ఆయనది కదిరి, మాది హిందూపురం. పదిహేనేళ్ళ కింద నేను బెంగళూరులో నైట్ డ్యూటీ సిస్టర్‌గా చేరినప్పటి పరిచయం.

"ఏమ్మా, ఆరు నెలల్లో పదకొండు మంది పిల్లలు మానేసినారు. హెచ్ఆర్ ఆమె అందర్నీ వండర్‌లాకు పిల్చుకొని పోదాం సార్ అంటాంది. మావాడు ఎవరో సర్వే కంపెనీని పట్టుకొచ్చినాడు. ఇంకొకాయన రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తానంటాడు. నా దగ్గర ఉండే డబ్బు ఒకదానికే. ఏది మేలు?"

"సార్, మీ దగ్గర డ్యూటీ ఎన్నింటికి మారుతుంది?"

"పొద్దున ఎనిమిదికి."

"వచ్చేవాళ్ళు ఎనిమిదికి వస్తారు, పోయేవాళ్ళు ఎనిమిదికి పోతారు. మరి హ్యాండోవర్ ఎప్పుడిస్తారు సార్?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "అదేదో వాళ్ళే చూసుకుంటారు లేమ్మా" అన్నారు చివరికి.

ఆ రోజు ఫోన్లో చెప్పినవీ, తర్వాత తట్టినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పదేళ్ళు వార్డులోనూ ఐసీయూలోనూ, తర్వాత ఐదేళ్ళు క్వాలిటీ విభాగంలోనూ చేశాను. నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ళకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, కొత్తగా ఇన్‌ఛార్జ్ అయినవాళ్ళకు పనికిరావచ్చు. నాకో పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. హాస్పిటల్లో టీం తయారయ్యేది డ్యూటీ మారేటప్పుడు దిగేవాళ్ళు వచ్చేవాళ్ళకు పేషెంట్ల సంగతి అప్పజెప్పే (హ్యాండోవర్) ఆ పావుగంటలోనే అని నా నమ్మకం. ఈ పోలికలన్నీ ఆ కంటితో చూసినవే.

ముందు రెండు లెక్కలు

వీటిని దాటేసి టీం గురించి మాట్లాడితే పునాది లేకుండా గోడకు రంగు వేసినట్టే.

ఒకటి, ఒక్కో సిస్టర్‌కు ఎంతమంది పేషెంట్లు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 హాస్పిటళ్ళ వివరాలతో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ఒక పరిశోధన ప్రచురించింది. నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడ్డప్పుడల్లా, సర్జరీ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సులు పూర్తిగా అలిసిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. ఊరు వేరు, పద్ధతులు వేరు, కానీ ఆ లెక్క మా వార్డుల్లో పనిచేసిన ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. పన్నెండు మందిని చూసే పిల్లను పట్టుకొని "టీం స్పిరిట్" అంటే లోపల ఏమనుకుంటుందో నాకు తెలుసు. నేనూ అనుకున్నదాన్నే.

రెండోది జీతం. ప్రైవేటు హాస్పిటళ్ళ నర్సుల జీతాల సంగతి చూడమని 2016లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కేంద్రం వేసిన కమిటీ ఒక కొలత ఇచ్చింది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 పడకలుంటే అంతకు 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చోట కనీసం 20,000 రూపాయలు. ఆ సంఖ్య ఎన్నేళ్ళ కిందటిదో గుర్తుంచుకొని మీ జీతాల పట్టీ పక్కన పెట్టి చూడండి. బాగా కింద ఉంటే ఔటింగ్ డబ్బు, సర్వే డబ్బు, ట్రైనింగ్ డబ్బు మూడూ అందులోనే వేయండి. కింద రాసినవాటిలో సగం దాదాపు ఉచితమే.

ఔటింగ్ ఒక వైపు, పండగ సెలవు ఒక వైపు

ఔటింగ్‌ను తీసిపారేయను. నంది కొండ మీద పొగమంచులో అందరం కలిసి తిన్న ఉప్పిట్టు నాకింకా గుర్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ శుక్రవారం సాయంత్రం తలుపులు మూసి అందర్నీ బస్సెక్కించగలదు, హాస్పిటల్ మూయలేదు. మేం వెళ్ళిన రోజు సగం మంది వార్డులోనే ఉన్నారు, వాళ్ళకు డబుల్ డ్యూటీ పడింది. బస్సెక్కినవాళ్ళలో నలుగురు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. ఫోటోల్లో ఒక్కరికీ కళ్ళు తెరుచుకోలేదు. మే 12 నర్సుల దినోత్సవం కేక్ కూడా ఇంతే. పదకొండు గంటలకు కింద హాల్లో కోస్తారు, మూడో అంతస్తుకు చేరేసరికి అట్టముక్క మీద క్రీం మిగులుతుంది.

అదే ఓపిక రోస్టర్ (ఎవరికి ఏ డ్యూటీ అన్న పట్టిక) మీద పెట్టి చూడండి. బెంగళూరు వార్డంటే మళయాళీ సిస్టర్లకు ఓనం కావాలి, మణిపూర్, మిజోరం పిల్లలకు క్రిస్మస్ కావాలి, మనకు ఉగాదో సంక్రాంతో కావాలి, కన్నడం వాళ్ళకు దసరా కావాలి. నేను ఇన్‌ఛార్జ్‌గా ఉన్నప్పుడు ఒక పాత డైరీ పెట్టాం. ఏడాదికి ఎవరికి వాళ్ళు రెండు పండగలు ముందే రాసుకోవాలి. నీ పండగకు డ్యూటీ చేసినవాళ్ళ పండగకు నువ్వు చెయ్యాలి. అంతే రూలు. మొదటి ఏడాది గొడవలయ్యాయి. రెండో ఏడాదికి ఐజాల్ పిల్ల క్రిస్మస్‌కు ఇంటికి పోయివచ్చి, సంక్రాంతికి నన్ను ఊరికి తోలింది. ఆ బంధం ముందు ఏ రిసార్టూ ఆనదు.

రోస్టర్ ఎవరు వేయాలన్నదాంట్లో మూడు దారులున్నాయి. ఇన్‌ఛార్జ్ ఒక్కరే వేయడం తొందరగా అయిపోతుంది, కానీ "ఆమెకు కావాల్సినవాళ్ళకు" అన్న మాట ఎప్పటికీ పోదు. స్టాఫే మొత్తం వేసుకోవడం పుస్తకాల్లో బాగుంటుంది. పదిహేను మంది లోపు వార్డులో గట్టిగా మాట్లాడేవాళ్ళకు మంచి డ్యూటీలు పోయి, కొత్తగా వచ్చిన మూగపిల్లకు వరసగా నైట్‌లు మిగులుతాయి. మధ్యేమార్గం రిక్వెస్ట్ బుక్. నెలకు మనిషికి మూడు కోరికలు, ముందు రాసినవారికి ముందు, ఇవ్వలేకపోతే కారణం అక్కడే రాయాలి. నేను దీనికే ఓటేస్తాను.

ఇక 6-6-12 గంటలా, రెండు పన్నెండ్లా? హాస్టల్లో ఉండేవాళ్ళు పన్నెండు గంటలే అడుగుతారు, ఆఫ్‌లు ఎక్కువ వస్తాయని. కె.ఆర్.పురం నుంచి సిల్క్ బోర్డు దాటి రావాల్సిన పిల్లలతల్లి ఆరు గంటలే అడుగుతుంది. కొందరేమో దారిలోనే నాలుగు గంటలు పోతాయి కాబట్టి పన్నెండే నయమంటారు. అందరికీ ఒకటే రుద్దకుండా వార్డువారీగా అడిగి పెట్టండి. కానీ పన్నెండు గంటల డ్యూటీలు వరసగా మూడు దాటనివ్వకండి. నాలుగో రోజు నేను చేసిన తప్పులు నాకు తెలుసు.

హడిల్, నెలవారీ మీటింగ్, వాట్సాప్ గ్రూప్

చాలా చోట్ల ఇప్పటికే రెండు ఉంటాయి. నెలకొకసారి గంటన్నర మీటింగ్, రోజంతా మోగే వాట్సాప్ గ్రూప్. మీటింగ్‌లో పెద్దవాళ్ళు మాట్లాడతారు, మిగతావాళ్ళు సంతకం పెడతారు. గ్రూప్‌లో ఆఫ్ రోజు కూడా "సిస్టర్, ఆ ఫైల్ ఎక్కడ పెట్టారు?" అని వస్తుంది. పైగా పేషెంట్ రిపోర్టు ఫోటో పడుతుంది, ఆ ఫోన్ ఇంట్లో పిల్లల చేతికి పోతుంది. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. గ్రూప్‌ను డ్యూటీ మార్పులకూ సెలవు వార్తలకూ ఉంచుకోండి. పేషెంట్ సంగతి ఒక్కటీ అందులో పడకూడదు.

హడిల్ అంటే హ్యాండోవర్ అయ్యాక అందరూ నిలబడి మాట్లాడుకునే పది నిమిషాలు. కుర్చీలుండకూడదు, ఉంటే అరగంట అవుతుంది. ఇవాళ ఎవరి మీద కన్నుండాలి, ఎవరు తక్కువున్నారు, ఏ మెషీన్ పనిచెయ్యట్లేదు, నిన్న అడిగినది ఏమైంది. ఈ నాలుగే.

ఎవర్ని పిలవాలన్నదాని మీదే దాని విలువంతా. మా దగ్గర మొదట డ్యూటీ డాక్టర్, సిస్టర్లే నిలబడేవాళ్ళు. బాగేపల్లి నుంచి వచ్చే హౌస్‌కీపింగ్ అక్క చీపురు పట్టుకొని గోడవార తప్పుకొని పోయేది. ఒకరోజు నేనే రమ్మని పిలిచాను. సిగ్గుపడి మూడు రోజులు నోరు తెరవలేదు. నాలుగో రోజు పద్నాలుగో బెడ్ మాట వచ్చినప్పుడు మెల్లగా అంది:

"ఆయప్ప రాత్రి ఏమీ తినలా సిస్టరమ్మా. చపాతీలు కవర్లో చుట్టి పారేసినాడు. నేనే తీసినా."

కేస్ షీట్‌లో రాత్రి భోజనం తిన్నట్టు రాసి ఉంది. ఆయన షుగర్ పేషెంట్, కదిరి వైపు నుంచి వచ్చాడు. ఆ రోజు బెడ్ చూసే సిస్టర్ కొట్టాయం అమ్మాయి. ఆమెకు ఆయన తెలుగు రాదు, ఆయనకు ఆమె హిందీ రాదు. ఇన్సులిన్ ట్రేలో సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి వెంటనే వెళ్ళి గ్లూకోమీటర్ పెట్టింది. 64. అసలే తక్కువ, ఇన్సులిన్ పడితే ఇంకా పడిపోయేది. డాక్టర్ ఆ డోసు ఆపించారు.

ఆ తర్వాత ఆ అక్కను ఎవరూ పిలవాల్సిన పని రాలేదు, తనే వచ్చి నిలబడేది. పేషెంట్ పక్కన మనకంటే ఎక్కువసేపు ఉండేది ఆయాలూ వార్డ్ బాయ్‌లూ హౌస్‌కీపింగ్‌వాళ్ళే. పావగడ, చింతామణి, ముళబాగిలు నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు. అనంతపురం, చిత్తూరు పేషెంట్లతో నిండే మా వార్డుల్లో నిజమైన దుబాసీలు వాళ్ళే, జీతం పట్టీలో మాత్రం ఆ పని ఎక్కడా కనబడదు.

ఇంక ఖర్చు. షిఫ్టుల మధ్య పావుగంట అతివ్యాప్తి పెట్టి దానికి డబ్బు కట్టాలి. షిఫ్టుకు నలుగురున్న వార్డులో మూడు షిఫ్టులకు పన్నెండు మంది, రోజుకు మూడు గంటల పని. ఆరు గంటల పగటి డ్యూటీలో సగం. ఇది కట్టకుండా "హడిల్ పెట్టాం" అనేవాళ్ళను చూశాను. వాళ్ళు చేసింది సిస్టర్ల సొంత సమయంలోంచి పది నిమిషాలు లాక్కోవడమే. రెండు వారాల్లో హడిల్ చచ్చిపోతుంది, హాస్టల్లో తిట్లు మిగులుతాయి.

మాట పద్ధతులు: ఎస్‌బార్, ఐపాస్, టీంస్టెప్స్, చెక్‌లిస్ట్

ట్రైనింగ్ అమ్మేవాళ్ళు ఈ పేర్లన్నీ ఒక్క స్లైడ్‌లో చూపిస్తారు. ఇవి ఒకదానికొకటి పోటీ కావు, వేర్వేరు సమయాలకు పుట్టినవి.

ఎస్‌బార్ అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో వాడుకలో ఉన్న మాటతీరు. 2000ల మొదట్లో కైజర్ పర్మనెంటే అనే అక్కడి ఆరోగ్య సంస్థవాళ్ళు హాస్పిటళ్ళలోకి తెచ్చారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక సంగతేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి అన్న నాలుగు ముక్కలు. రాత్రి రెండింటికి కన్సల్టెంట్‌ను లేపి ఒక పేషెంట్ గురించి చెప్పాల్సినప్పుడు ఇంతకు మించినది లేదు. అయితే మొదటి మూడూ అందరూ చెప్తారు, నాలుగోది దగ్గర గొంతు పట్టేస్తుంది. "సార్, మీరు ఇప్పుడే రావాలి" అని ఇరవై రెండేళ్ళ పిల్ల పెద్ద సర్జన్‌తో అనగలదా? "సార్, బీపీ తగ్గుతోంది..." అని వదిలేస్తుంది, ఆయన "చూస్తూండండి" అని పడుకుంటాడు. కాబట్టి ఎస్‌బార్ నేర్పేటప్పుడు ట్రైనింగ్ ఇవ్వాల్సింది సిస్టర్లకు కాదు. "సిస్టర్, నన్నేం చెయ్యమంటారు?" అని తిరిగి అడగడం డాక్టర్లకు నేర్పాలి. ఒక కన్సల్టెంట్ గారు అలా అడగడం మొదలుపెట్టాక రాత్రి ఫోన్లు ఎక్కువయ్యాయని విసుక్కున్నారు. ఆ తర్వాత తెల్లవారుజామున పరుగెత్తాల్సిన కేసులు తగ్గాయని ఆయనే నాతో అన్నారు.

డ్యూటీ మారేటప్పుడు ఎస్‌బార్ సరిపోదు, ఐపాస్ మేలు. ఎంత సీరియస్, కథ ఏంటి, చేయాల్సిన పనులేంటి, ఏం జరిగితే ఏం చేయాలి అన్నవి చెప్పాక, చివర వినేవాళ్ళు తిరిగి అప్పజెప్పాలి. దీని ప్రాణం ఆ ఆఖరి మెట్టులో ఉంది. అమెరికా, కెనడాల్లో 9 హాస్పిటళ్ళ పిల్లల వార్డుల్లో రెసిడెంట్ డాక్టర్లతో చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. వైద్యపరమైన తప్పులు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయి. టైం చాలదనేవాళ్ళకు ఇంకో అంకె: పేషెంట్‌కు సగటున ముందు 2.4 నిమిషాలు, తర్వాత 2.5 నిమిషాలు. తేడా లేనట్టే. మన వార్డుల్లో భాషలు కలగాపులగం కాబట్టి తిరిగి చెప్పించుకోవడం ఇంకా ఎక్కువ అవసరం. "మనస్సిలాయి" (మలయాళంలో "అర్థమైంది") అని తలూపితే అర్థమైనట్టు కాదని నేను ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నాను.

టీంస్టెప్స్ పూర్తి పాఠ్యక్రమం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ, రక్షణశాఖ కలిసి 2006లో విడుదల చేశాయి, 2023లో మూడో రూపం వచ్చింది, సామగ్రి ఉచితం. ఎవరైనా దీన్ని లక్షలకు అమ్మితే ఆ సంగతి గుర్తు చేయండి. మొత్తం పెట్టాలంటే నేర్పేవాళ్ళను ముందు తయారుచేసుకోవాలి, ఏడాది పట్టుకొని ఉండాలి. 200 పడకలు దాటినచోటే మొత్తం పెట్టండి. చిన్నవాళ్ళు అందులోంచి రెండు తీసుకుంటే చాలు. మొదటిది, ఒకసారి చెప్తే వినకపోతే రెండోసారి చెప్పి తీరాలన్న నియమం. రెండోది మూడు మెట్ల మాట: "నాకు అనుమానంగా ఉంది", "ఇది నాకు సరిగా అనిపించట్లేదు", "ఇది పేషెంట్‌కు ప్రమాదం." మూడోది ఎవరి నోట వచ్చినా చేతులు ఆగిపోవాలి. ఏ భాషలో అన్నా సరే. మేం "స్టాప్ సార్" అని పెట్టుకున్నాం, గౌరవమూ నిలిచింది, పనీ జరిగింది.

చెక్‌లిస్ట్ కథ మాత్రం ప్రతి యాజమాన్యానికీ తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్ తెచ్చింది. సర్జన్ అతుల్ గవాండే బృందం ఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 హాస్పిటళ్ళలో పెట్టించి చూస్తే, 2014లో తేలింది పెద్ద తేడా ఏమీ రాలేదని. కాగితంలో ఉన్నది ఇంచుమించు అవే ప్రశ్నలు. ఎందుకలా అన్నదానిమీద వాదాలున్నాయి కానీ, థియేటర్లో నిలబడ్డవాళ్ళకు ఒక కారణం కళ్ళముందే ఉంటుంది. కోత పెట్టే ముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలని అందులో ఉంది. ఒక చోట నిజంగా ఆగి చెప్పుకుంటారు. ఇంకో చోట టెక్నీషియన్ సర్జరీ అయ్యాక డెస్క్ దగ్గర కూర్చొని టిక్కులు పెడతాడు. ఒకసారి నోరు విప్పి తన పేరు చెప్పిన పిల్ల, పది నిమిషాల తర్వాత రక్తం అద్దే గుడ్డల లెక్క తేలనప్పుడు "సార్, కౌంట్‌లో ఒక మాప్ తక్కువుంది" అనడానికి అంత జంకదు. మొదటి మాటే పెగలనివ్వకపోతే రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది?

సర్వేనా, కూర్చొని అడగడమా

గ్యాలప్ అనే సర్వే కంపెనీ వాళ్ళ పన్నెండు ప్రశ్నల లాంటి సర్వేలు పెద్ద సంస్థలకు పనికొస్తాయి. వెయ్యి మంది స్టాఫ్ ఉంటే ఏ బిల్డింగ్‌లో ముసలం పుట్టిందో కనిపిస్తుంది. 60 పడకల్లో ఇది నవ్వులాట. నేను పనిచేసిన ఒకచోట "పేరు రాయక్కర్లేదు" అంటూనే డిపార్ట్‌మెంట్, వయసు, ఎన్నేళ్ళ సర్వీసు, ఆడా మగా అడిగారు. డయాలిసిస్‌లో ఉన్న ఒకే ఒక్క బ్రదర్ (మగ నర్సు) నా దగ్గరకొచ్చి "అక్కా, దీనికన్నా ఆధార్ నంబరు అడిగుంటే పోయేది కదా" అన్నాడు. అందరూ ఐదుకు ఐదు వేశారు. యాజమాన్యం స్వీట్లు పంచింది. నెల తిరగకుండా ఆ యూనిట్‌లో ముగ్గురు రాజీనామా కాగితాలు పెట్టారు, అందులో ఈ బ్రదరూ ఉన్నాడు.

చిన్నచోట ఉన్నవాళ్ళతో కూర్చొని మాట్లాడటమే మేలు. మానేసి పోతున్నవాళ్ళను ఎందుకు పోతున్నారని అడిగితే సర్టిఫికెట్ రావాలి కాబట్టి "ఇంట్లో సమస్య" అంటారు. ఉన్నవాళ్ళను అడగండి: "పోయిన వారం ఏ రోజు మానేద్దామనిపించింది? ఆ రోజు ఏం జరిగింది?" ఈ రెండు ప్రశ్నల తర్వాత ఎక్కువ మాట్లాడకండి, వినండి. అడగాల్సింది వాళ్ళ సొంత ఇన్‌ఛార్జ్ కాదు, పక్క వార్డు ఇన్‌ఛార్జ్. ఏడు రోజుల్లో నోటీస్ బోర్డు మీద జవాబుండాలి: చేశాం, ఫలానా తారీఖుకు చేస్తాం, చేయలేం, ఎందుకంటే ఇది. "చేయలేం" అన్నదానికి కూడా స్టాఫ్ మర్యాదిస్తారు. జవాబే రాకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

రిపోర్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొరపాట్లు రాసిచ్చే ఇన్సిడెంట్ ఫారాలు తక్కువొచ్చిన వార్డుకు బహుమతి ఇచ్చేవాళ్ళున్నారు. అమీ ఎడ్మండ్‌సన్ అన్న పరిశోధకురాలు మందుల పొరపాట్ల మీద చేసి 1996లో ప్రచురించిన పనిలో తిరకాసు బయటపడింది. బాగా కలిసి పనిచేసే నర్సింగ్ యూనిట్లలోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదు, దాచుకోవాల్సిన భయం తక్కువ కావడం వల్ల అని ఆమె తేల్చింది. కాబట్టి రెండు వార్డులను పోల్చేటప్పుడు ఖాళీ రిజిస్టర్‌ను చూసి మురిసిపోకండి. నెలంతా ఒక్క పొరపాటూ జరగని వార్డు నేనింతవరకు చూడలేదు, రాయని వార్డులు మాత్రం చాలా చూశాను.

అవార్డులు, గుండె బరువు

నెలకొక ఉత్తమ ఉద్యోగి ఫోటో వద్దు. ఆరు నెలలకు అది వంతుల పద్ధతి అవుతుంది. పేషెంట్లూ ఇంటివాళ్ళూ రాసిన కృతజ్ఞతను పేరుతో సహా అందరిముందు చదవడం మేలు. అమెరికాలో తమ కొడుకును చూసుకున్న నర్సులను తలుచుకొని ఒక కుటుంబం 1999లో మొదలుపెట్టిన డైసీ అవార్డు ఈ దారిలోదే. మన దగ్గర చీటీ రాయడానికి పేషెంట్ వెంట ఉండే ఇంటివాళ్ళు మొహమాటపడతారు, డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర తెలుగులో, కన్నడలో అడిగి ఎవరైనా రాసిపెట్టాలి. వార్డ్ బాయ్ పేరు వచ్చినా అదే మర్యాద.

ఐసీయూలో చిన్నబిడ్డ పోయిన రాత్రి తర్వాత పిజ్జా తెప్పించే హెచ్ఆర్‌లున్నారు. మనసు మంచిదే. దానికి బదులు నెలకొకసారి ఒక గంట, ఒక కేసును పట్టుకొని "ఏం చేశాం" అని కాకుండా "మనకేమనిపించింది" అని ముగ్గురు నలుగురు మాట్లాడుకునే ష్వార్ట్జ్ రౌండ్స్ పద్ధతి ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో పోయిన బోస్టన్ లాయర్ కెన్నెత్ ష్వార్ట్జ్ పేరుమీద వచ్చింది. డాక్టర్ ముందు మాట్లాడితేనే మిగతావాళ్ళ నోరు తెరుచుకుంటుంది. ఒంటరిగా మాట్లాడాలనుకునేవాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, దేశం మొత్తానికి దాని కేంద్రం మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ నంబరు స్టాఫ్ రూం తలుపు లోపలివైపు అంటించండి. బయటివైపు అంటిస్తే ఎవరూ నిలబడి చూడరు.

మరి మీకేది?

ముప్పై పడకల లోపైతే హడిల్, పండగ డైరీ, అంతే. సర్వే జోలికి, ట్రైనింగ్ కంపెనీల జోలికి పోకండి. యజమాని డాక్టరే వారానికి రెండుసార్లు హడిల్‌లో నిలబడి వినాలి.

50 నుంచి 150 మధ్య ఉన్నవాళ్ళకే అసలు తికమక. మొదటి మూడు నెలలు ఒక్క వార్డులో డబ్బు కట్టిన పావుగంట, హ్యాండోవర్‌కు ఐపాస్, రాత్రి ఫోన్లకు ఎస్‌బార్. మెడికల్ వార్డు ఎంచుకోండి, ఐసీయూ కాదు. ఐసీయూలో ఏది పెట్టినా కొంత నడుస్తుంది, అక్కడ మనుషులెక్కువ. మెడికల్ వార్డులో నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది. రిక్వెస్ట్ బుక్ మాత్రం మొదటి రోజే అన్ని చోట్లా పెట్టొచ్చు. హాస్పిటళ్ళకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ అసెస్‌మెంట్ రెండు నెలల్లో ఉందంటే ఏదీ మొదలుపెట్టకండి. ఆ హడావిడిలో పెట్టినది ఏదైనా ఫైలైపోతుంది.

200 దాటినవాళ్ళకు సర్వే, టీంస్టెప్స్ రెండూ నప్పుతాయి. కానీ ఏది కొన్నా మొదటి సంతకం పేరున్న సర్జన్‌తో పెట్టించాలి. ఆయన రాని ట్రైనింగ్‌కు సిస్టర్లను పంపడం దండగ, తిరిగొచ్చాక వాళ్ళు మాట్లాడాల్సింది ఆయనతోనే.

ఎవరి చేతికివ్వాలన్నది చివరి చిక్కు. హెచ్ఆర్‌కిస్తే ఈవెంట్ అవుతుంది. క్వాలిటీకిస్తే ఫారం అవుతుంది, ఐదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. వార్డు ఇన్‌ఛార్జ్‌కివ్వండి. ఇచ్చేటప్పుడు ఆమె పేరుమీదున్న పేషెంట్లను తీసి ఇంకొకరికి వేయండి. లేకపోతే ఆమెకు ఇది పదమూడో పని.

కదిరి పెద్దాయన నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. పావుగంటకు డబ్బు కట్టడానికి అకౌంటెంట్ ఒప్పుకోవట్లేదట. "వండర్‌లా కొటేషన్ చూపించండి సార్" అన్నాను.